హాజెల్‌బెర్గ్ మీద నాలుగో అలారం

2022 మార్చి 28, సోమవారం నాడు నన్ను జర్మనీలోని హాజెల్‌బెర్గ్ కొండ పనికి అబ్‌నామె ఇంజనీరుగా వేశారు. నా పదవీ విరమణకు అప్పటికి ఇంకో ఏడాది ఉంది. అబ్‌నామె అంటే, తయారైన యంత్రాన్ని కొన్నవాళ్ళకు అప్పగించే ముందు జరిగే ఆఖరి పరీక్ష. చేసినవాళ్ళు 'బ్రహ్మాండంగా పనిచేస్తోంది' అంటారు. కొన్నవాళ్ళు 'చూద్దాం' అంటారు. ఆ రెండు మాటలకూ మధ్య నిలబడి సంతకం పెట్టేది నేను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నన్ను చూసి ఎవరూ సంతోషించలేదు. నా పని సరిగ్గా చేస్తున్నానని అందువల్లే నమ్మకం కుదిరేది.

ఎర్లాంగెన్‌లో మాది చిన్న కంపెనీ. ఊళ్ళో ఎవరికైనా కంపెనీ పేరు చెబితే, 'అలాగా' అని సైకిలెక్కి వెళ్ళిపోతారు. మేము చేసేది అడవుల్లో పొగను దూరం నుంచి పట్టుకునే కెమెరాలు. ఎత్తైన చోట బిగించిన కెమెరా గుండ్రంగా తిరుగుతూ ఫొటోలు తీస్తుంది. సాఫ్ట్‌వేర్ వాటిని పోల్చి, పొగలాగా కదిలేది ఏదైనా కనిపిస్తే అటవీ శాఖ కంట్రోల్ రూముకు అలారం పంపుతుంది. అక్కడ ఆపరేటర్ తెర మీద బొమ్మ చూసి, ఫైరింజన్ పంపాలో వద్దో తేలుస్తాడు. ఒక్క కెమెరాకు దిక్కు తెలుస్తుంది గాని చోటు తెలియదు. వేరే కొండ మీది కెమెరాకు కూడా అదే పొగ కనబడితే, రెండు గీతలూ ఎక్కడ కలిస్తే అక్కడ మంట ఉన్నట్టు.

ఈ తెలివి మాది కాదు. హాజెల్‌బెర్గ్ కొన మీద పాతకాలపు నిప్పు కాపలా బురుజు ఒకటి ఉంది. కింద రాతి గోడ, పైన చుట్టూ కిటికీలున్న చెక్క గది. గది మధ్యలో గుండ్రటి బల్ల, దాని అంచున డిగ్రీలు చెక్కిన ఇత్తడి వలయం. పూర్వం కాపలాదారు పొగ కనబడగానే వలయం మీద దిక్కు చూసి, ఎదురు కొండ మీద ఉన్నవాడికి టెలిఫోన్ చేసేవాడట. మేము ఆ మనిషిని తీసేసి కెమెరా పెట్టాం. బురుజు చారిత్రక కట్టడం కాబట్టి గోడకు ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు. కెమెరాను కిటికీ స్తంభానికి పట్టీలతో బిగించాం. రెండో కెమెరా లోయకు అవతలి కొండ మీద ఇనుప స్తంభానికి ఉంది.

పరీక్షా కాలం నాలుగు వారాలు. ఏప్రిల్ 25 సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. షరతు ఇదీ: తెర మీద చూసి తేల్చలేక ఆపరేటర్ ఎవరినైనా అడగాల్సి వచ్చి, చివరకు అది పొగ కాదని తేలితే అది తప్పుడు అలారం. అలాంటివి మూడు వస్తే క్షమిస్తారు. నాలుగోది వస్తే ఆ పరీక్ష పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి. మూడో వారం ముగిసేసరికి మా కోటా మూడూ ఖర్చయిపోయాయి. మొదటిది ట్రాక్టర్ లేపిన దుమ్ము. రెండోది వాన వెలిశాక లోయలోంచి లేచిన మంచు. మూడోది స్ప్రూస్ చెట్ల పుప్పొడి. ఏప్రిల్‌లో గాలి గట్టిగా వీస్తే ఆ చెట్లు మేఘాలు మేఘాలుగా పుప్పొడి వదులుతాయి. నేనే మొదటిసారి చూసి పొగ అనుకున్నాను. కెమెరాను ఏమనగలను?

"ఇదంతా దిష్టి మేడమ్," అన్నాడు మురళి.

మురళి ప్రాజెక్టు లీడర్. గుంటూరువాడు, నలభై అయిదేళ్ళుంటాయి. పని తెలిసినవాడు, కాని పని చెడితే కారణం ఆకాశంలో వెతుకుతాడు. నేను అతని కింద మనిషిని కాను. పరీక్ష విభాగం నేరుగా డైరెక్టరుకే జవాబు చెబుతుంది. మురళి కింద పనిచేసేది నీహారిక. కరీంనగర్ పిల్ల. జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ సైన్స్ చదివి, నవంబరులో మా దగ్గర చేరింది. పొగను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌లో సగం ఆమె రాసిందే. ఏప్రిల్ 30కి ఆమె ఆరు నెలల ప్రొబెత్సైట్ ముగుస్తుంది. ప్రొబెత్సైట్ నడిచినంత కాలం కారణం చెప్పకుండానే మనిషిని పంపించెయ్యవచ్చు. ఉద్యోగానికి ముడిపడిన బ్లూ కార్డు వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోవడమంటే ఆఫీసు నుంచి ఇంటికి పోవడం ఒక్కటే కాదు. ఆమె భవిష్యత్తు గురించి అభిప్రాయం రాయవలసినవాడు మురళి. పరీక్ష తప్పితే తప్పు సాఫ్ట్‌వేర్‌దని రాయడానికి అతని పెన్ను అప్పటికే చురుగ్గా ఆడుతోంది. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

ఆఖరి రోజు సోమవారం. ముగ్గురం కొండ కింద కార్లు ఆపే చోట కలిశాం. అడవిలోకి దారి మొదలయ్యే దగ్గర బోర్డు మీద ఆ రోజు నిప్పు ప్రమాద స్థాయి నాలుగు అని రాసి ఉంది. అయిదు వరకే ఉంటాయి. బవేరియాలో మార్చి నుంచి అక్టోబరు దాకా అడవిలో సిగరెట్టు కూడా నిషేధం. మురళి సంచిలోంచి కొబ్బరికాయ పీచు బయటికి కనిపిస్తోంది.

"అదేమిటి?" అన్నాను.

"చిన్న పూజ మేడమ్. మా పురోహితులు శర్మగారు గుంటూరు నుంచి వీడియో కాల్‌లో చేయిస్తారు. సాయంత్రం ఆరూ పదికి ముహూర్తం. మూడున్నర గంటలు తీసేస్తే మనకి రెండూ నలభై."

"ముహూర్తం గడియారాన్ని బట్టి రాదు మురళీ, చోటును బట్టి వస్తుంది. గుంటూరులో ఉన్న లగ్నం ఇక్కడ ఉండదు. మూడున్నర గంటలు తీసేస్తే వచ్చేది టీ టైము."

"మీరు నమ్మరు కదా, మళ్ళీ లెక్కలెందుకు మేడమ్?"

"నమ్మకపోయినా లెక్క లెక్కే. పువ్వులు పెట్టుకోండి, కుంకుమ పెట్టుకోండి. కొండ మీద నిప్పు మాత్రం వద్దు. అగరొత్తి కూడా వద్దు."

మురళి వినయంగా సంచి తెరిచి చూపించాడు. బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ దీపాలు రెండు. దిష్టికి కట్టడానికి గుమ్మడికాయ ఒకటి. ఏప్రిల్‌లో దొరికేది అంతే కాబోలు, పిడికిలికన్నా కాస్త పెద్దగా, ఎర్రగా, సిగ్గుపడుతున్నట్టు ఉంది. దాని దిష్టి తీయడానికి ఇంకోటి కట్టాలి.

నడక పెద్దది కాదు. ఈ దేశంలో కొండదారుల బోర్డుల మీద దూరం బదులు పట్టే సమయం రాస్తారు. మా బోర్డు మీద నలభై నిమిషాలు అని ఉంది. మాకు గంట దాటింది. ఆలస్యానికి కారణం నా మోకాళ్ళు కావు, మురళి కొత్త బూట్లు. అడుగడుగుకూ కిర్రుమంటూ అతన్ని కరుస్తున్నాయి. నాకన్నా పెద్దవాళ్ళు, రెండేసి కర్రలు పట్టుకున్న జంట ఒకటి మమ్మల్ని దాటిపోతూ 'గ్రూస్ గాట్' అని పలకరించింది. గుమ్మడికాయను చూసి ముసలాయన ఏదో అడగబోతే భార్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. దారి పొడవునా ఎండిన స్ప్రూసు చెట్లు. ఎన్నో ఏళ్ళుగా వానలు సరిగా లేక, పురుగు పట్టి, నిలబడే చచ్చిపోయినవి. అగ్గిపెట్టెలోని పుల్లల్లా ఉన్నాయి. నీహారిక ల్యాప్‌టాప్, పాల డబ్బా మోస్తూ నడిచింది.

"పాలెందుకమ్మా?" అని అడిగాను.

"సార్ తెమ్మన్నడు మేడమ్. నైవేద్యానికట." డబ్బా చెయ్యి మార్చుకుని, "గీ రోజు ఒక్కటి గడిస్తే చాలు," అంది.

బురుజు కాళ్ళ దగ్గర కాపలాదారు పూర్వం కాపురమున్న చిన్న రాతి గది ఉంది. దాని తాళంచెవి అటవీ శాఖవాళ్ళు నీహారికకు ఇచ్చారు. సైటు భద్రతా శిక్షణ తీసుకున్నది మా జట్టులో ఆమె ఒక్కతే, కాబట్టి తాళానికీ గదికీ బాధ్యురాలు ఆమె. నేను వాళ్ళిద్దరినీ అక్కడ వదిలి, కెమెరా పట్టీలు ఆఖరిసారి చూడటానికి బురుజు పైకి ఎక్కాను. తరువాత జరిగినదంతా నీహారిక చెప్పగా విన్నదే. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

శర్మగారు ఫోనులో ప్రత్యక్షమై ముందుగా ప్లాస్టిక్ దీపాలు చూశారట.

"బ్యాటరీ దీపాలా నాయనా? మరి పాలు ఎక్కడ పొంగిస్తావ్, ఫోనులోనా?"

"ఇక్కడ నిప్పు ముట్టించకూడదండీ," అన్నాడట మురళి.

"అగ్ని కోసం పెట్టిన యంత్రానికి అగ్ని లేని పూజా! నీ ఇష్టం నాయనా. నాకేం, నేను మంత్రం చదివేస్తాను."

ఆ 'నాకేం' అన్న మాటకు మురళి పడిపోయాడు. గది మూలలో పాత ఇనప పొయ్యి ఉంది. అతను దిక్కులు చూసుకుని, "ఆగ్నేయంలోనే ఉంది చూడు! జర్మన్లకి కూడా వాస్తు తెలుసు," అన్నాడట. అడవిలో నిప్పు ముట్టించకూడదన్నారు గాని ఇది గది, ఇది పొయ్యి, దానికి తలుపుంది, గొట్టముంది, కాబట్టి ఇది అడవిలో నిప్పు కాదు, ఇంట్లో వంట. ఇదీ అతని తర్కం. నీహారిక వద్దంది. "సార్, మేడమ్ వద్దన్నది గద." మురళి అన్న మాట ఇది: "మేడమ్ అన్నది పైన బురుజులో. మనం ఉన్నది కింద. ముట్టించమ్మాయ్, ముహూర్తం దాటిపోతోంది." ప్రొబెత్సైట్‌లో ఉన్న మనిషి అయిదు రోజుల ముందు ప్రాజెక్టు లీడరుకు ఎన్నిసార్లు వద్దని చెప్పగలదు? ఒకసారి చెప్పింది. తరువాత, పక్కన పడి ఉన్న పాత కట్టెలు పేర్చి, పాలగిన్నె పెట్టి, ముట్టించింది.

జర్మనీలో పొయ్యి కనిపించింది కదా అని ముట్టించడానికి లేదు. ప్రతి పొయ్యినీ గొట్టాన్నీ ఆ ప్రాంతపు చిమ్నీ ఉద్యోగి వచ్చి చూసి, సరే అనాలి. ఈ పొయ్యిని ముప్పై ఏళ్ళుగా ఎవరూ సరే అనలేదు, కాదనలేదు, ముట్టుకోలేదు. ఈ లోపల గొట్టంలో కాకిజాతి పిట్టలు గూడు మీద గూడు కట్టి వదిలేసి పోయాయి. ఇంత పుల్ల, ఇంత గడ్డి, ఇంత ఉన్ని.

నేను పైన పట్టీ బిగింపు చూస్తున్నాను. కింద నుంచి మురళి కేక వినిపించింది. "పొంగాయ్! పొంగాయ్!" వెంటనే దగ్గు. ఆ దగ్గులోనే నా ఫోను మోగింది. కంట్రోల్ రూము.

అవతలి కొండ మీది కెమెరా అలారం ఇచ్చిందని, దిక్కు సరిగ్గా హాజెల్‌బెర్గ్ వైపు చూపిస్తోందని, కాని హాజెల్‌బెర్గ్ కెమెరాలో ఏమీ లేదని ఆపరేటర్ చెప్పాడు. ఉండదు. ఏ కెమెరాకూ తన కాళ్ళ కింద ఏముందో కనబడదు. రెండో గీత లేక అతను తేల్చలేకపోతున్నాడు. "మీరు అక్కడే ఉన్నారు కదా, మీకేమైనా కనిపిస్తోందా?" అని అడిగాడు. అంటే ఆ క్షణాన, పాత కాపలాదారు ఇత్తడి వలయం పక్కన నిలబడి, రెండో కెమెరా నేనే అయ్యాను.

కిటికీలోంచి వంగి చూశాను. గొట్టంలోంచి తెల్లగా, దట్టంగా, పాలపొంగులాగానే పొగ వస్తోంది. మురళీ నీహారికా కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తుకొచ్చి తల పైకెత్తారు. నా చేతిలో ఫోను చూడగానే మురళికి అర్థమైంది.

"మేడమ్! ఫాగ్ అనండి! ఫాగ్!"

"ఫాగంటే ఫెయిలైతం సార్!" అని నీహారిక అరిచింది. "తప్పుడు అలారం అయితది. నాలుగోది!"

"అయితే పుప్పొడి అనండి మేడమ్!"

"గది గూడ ఫెయిలే సార్!"

"మరేమనాలే?"

నీహారిక నా వైపు చూసింది. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. "పొగ అనుండ్రి మేడమ్," అంది. "పొగే గద."

పొగ అంటే ముందుగా పోయేది తన ఉద్యోగమేనని తెలిసే ఆ మాట అంది.

నేను ఆపరేటరుకు చెప్పింది ఇంతే: పొగ ఉంది, బురుజు పక్క గది గొట్టంలోంచి వస్తోంది, ముగ్గురం ఉన్నాం, ఎవరికీ దెబ్బ తగల్లేదు, చెట్లకు అంటుకోలేదు, మా దగ్గర ఆర్పడానికి సరిపడా నీళ్ళు లేవు, మనుషుల్ని పంపండి. తరువాత దిగి వెళ్ళి పొయ్యికి గాలి వెళ్ళే మూత బిగించి, తలుపు మూశాను. కాలుతున్న ఇనుము మీద పాలు మాడి, చీదర వాసన. మురళి చేతిలో మంచినీళ్ళ సీసా ఉంది. పోయబోతే వద్దన్నాను. వేడెక్కిన ఇనుము మీద చల్లనీళ్ళు పోస్తే అది పగలవచ్చు. ఫోనులో శర్మగారు ఇంకా చదువుతూనే ఉన్నారు. ఎవరో కట్ చేశారు.

అటవీ శాఖ అధికారి హూబర్‌గారు, జర్మన్‌లో అయితే ఫ్రావ్ హూబర్, ఇద్దరు ఫైర్‌మెన్‌లతో జీపులో వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. మాటలు తక్కువ. ఫైర్‌మెన్ గూటి ముక్కలు కిందికి లాగి ఆర్పేశారు. పిట్టలు లేవు, గుడ్లు లేవు, ఖాళీ గూళ్ళే. ఆమె మాడిన గిన్నె చూసింది, ప్లాస్టిక్ దీపాలు చూసింది, తలుపు గొళ్ళేనికి వేలాడుతున్న గుమ్మడికాయను కాస్త ఎక్కువసేపు చూసింది. చివరికి, గది ఎవరి బాధ్యతలో ఉందని అడిగింది.

నీహారిక చెయ్యి ఎత్తబోయింది. మురళి తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

నేను మధ్యలో మాట్లాడాను. తాళం నీహారిక పేరున ఉంది, అగ్గిపుల్ల గీసింది కూడా ఆమే, ముట్టించమని చెప్పింది మాత్రం ప్రాజెక్టు లీడరు, సైటు మీద మాట చెల్లేదీ ఆయనదే, అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. శర్మగారి పేరు ఎత్తలేదు. ఆయన మా కంపెనీ ఉద్యోగి కాదు.

మురళి తెలుగులో, గొంతు తగ్గించి, "మేడమ్, ఒక్క మాట మనవాళ్ళ వైపు చెప్పలేకపోయారా?" అన్నాడు.

"చెప్పాను కదా. నీహారిక మనమ్మాయే."

అతను నీహారిక వైపు చూశాడు. తరువాత, అతనికి న్యాయం చేస్తూ రాయాలి, రెండడుగులు ముందుకు వేసి, చెప్పింది నేనే, ఆమె వద్దంది, అని ఫ్రావ్ హూబరుకు జర్మన్‌లో చెప్పాడు. అతని జర్మన్ అంత స్పష్టంగా ఉండటం నేను అంతకు ముందు వినలేదు.

ఇక మిగిలింది అలారం. ఊళ్ళలోని ఇళ్ళ చిమ్నీలను సాఫ్ట్‌వేర్‌లో ముందే గుర్తుపెట్టి, అటువైపు చూడవద్దని చెబుతాం. ఈ గది ఆ జాబితాలో లేదు, ఎందుకంటే ఈ పొయ్యి వెలగదని అటవీ శాఖే రాసిచ్చింది. వెలగకూడని చోట పొగ వచ్చింది, కెమెరా చూసింది, మనిషి చూసి అవునంది. ఇది తప్పుడు అలారం ఎలా అవుతుందని అడిగాను. ఫ్రావ్ హూబర్ ఆలోచించి, కాదంది. ఈ నాలుగు వారాల్లో మీ కెమెరా చేసిన మొదటి పనికొచ్చే పని ఇదేనని కూడా అంది. ఆరింటికి ఇద్దరం సంతకాలు పెట్టాం.

జరిమానా కాగితం మురళి పేరున వచ్చింది. నోరెత్తకుండా కట్టాడు. నీహారిక గురించి రాసిన అభిప్రాయంలో 'ఒత్తిడిలోనూ సరిగ్గా ఆలోచిస్తుంది' అన్నాడు. అది ఏ ఒత్తిడో రాయలేదు. ఆమె ఉద్యోగం నిలిచింది. శర్మగారు పాలు ఏ దిక్కుకు పొంగాయో కనుక్కోమన్నారని మురళి మర్నాడు నన్ను అడిగాడు. తూర్పుకు పొంగితే మంచిదట. పొయ్యి మీద మరక నేను చూశాను. నాలుగు వైపులా ఉందని చెప్పాను.

ఏడాది తరువాత అక్కడ వార్షిక పరీక్షకు వెళ్ళాను. అది నా ఆఖరి సైటు. గొట్టం శుభ్రం చేయించి, చిమ్నీ ఉద్యోగి చేత సరే అనిపించి, పరీక్ష రోజున పొగ కోసం ఫ్రావ్ హూబర్ ఆ పొయ్యినే ముట్టిస్తోంది. బయట కొనే పొగ డబ్బాలకన్నా అది నయమట. పాలు మాత్రం పెట్టలేదు.

ఆ రోజు నేర్చుకున్నది ఒక్కటే. పొగ ఉందా అన్నది ఒక ప్రశ్న, ఎవరు పెట్టారన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి భయపడి మొదటిదానికి జవాబు మార్చి చెప్పేవాడు, తాను గెలిచిన పరీక్షను కూడా తప్పుతాడు. మురళి ఆ రోజు 'ఫాగ్' అని అరిచింది తనను ఓడించే మాటే. అబ్‌నామెకు ఎవరు కొత్తగా చేరినా ముందు ఇది చెప్పేదాన్ని. ఆ తరువాత, ఎక్కడ పొయ్యి కనిపించినా గొట్టంలోకి ఓసారి తొంగి చూడమనేదాన్ని.